డ్రాప్ హ్యాండిల్ వేస్తున్నారా? ఏ గేర్ షిఫ్టర్ తీసుకోవాలి

తిన్నగా ఉండే ఫ్లాట్ హ్యాండిల్ సైకిల్‌కి, చివర్లు కిందికి వంగి ఉండే డ్రాప్ హ్యాండిల్ వేద్దామనుకున్న వాళ్ళు చాలావరకు ముందు హ్యాండిల్ కొనేస్తారు. గేర్లు మార్చే మీటల, అంటే షిఫ్టర్ల, సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుంటారు. సగం పని అక్కడే ఆగిపోతుంది. ఫ్లాట్ హ్యాండిల్‌లో చేతులు పట్టుకునే చోట గొట్టం వ్యాసం 22.2 మి.మీ. ఉంటుంది, డ్రాప్ హ్యాండిల్‌లో 23.8 మి.మీ. మిల్లీమీటరున్నర తేడాయే, కానీ దానివల్ల పాత షిఫ్టర్లూ ఎక్కవు, పాత బ్రేక్ లివర్లూ ఎక్కవు. క్లాంపుని సాగదీసి ఎలాగో దూర్చే వాళ్ళు ఉన్నారు. ఆ పని చెయ్యకండి. బ్రేక్ లివర్ విషయంలో అయితే అసలే చెయ్యకండి.

కాబట్టి కొత్త షిఫ్టర్లు ఎలాగూ కొనాల్సిందే. ఏవి కొనాలో తేల్చేవి మీ సైకిల్ మీద ఇప్పటికే ఉన్న రెండు వస్తువులు: చైన్‌ని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే వెనక డిరేలర్, బ్రేకులు. ఇవి ఏ రకమో తెలిశాకే చేతికి ఏది సుఖంగా ఉంటుందన్న ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్తాను. ఇలా మార్చే సైకిళ్ళలో ఎక్కువ వాటికి విడి బ్రేక్ లివర్లు, హ్యాండిల్ చివర్లో బిగించే బార్ ఎండ్ షిఫ్టర్లు సరైన జోడీ. బ్రేకూ గేరూ ఒకే లివర్‌లో ఉండే ఎస్‌టీఐ రకం హాయిగా ఉంటుంది, కాదనను. కానీ అది మీ డిరేలర్‌కీ, మీ బ్రేకులకీ రెండింటికీ ఒకేసారి కుదరాలి. పాత మౌంటెన్ బైకుల్లో, హైబ్రిడ్‌లలో ఆ రెండూ ఒకేసారి కుదరడం అరుదు.

డిరేలర్ లెక్క

షిఫ్టర్ ఒక్క క్లిక్‌కి కేబుల్‌ని కొంత లాగుతుంది. డిరేలర్ దానికి కొన్ని రెట్లు పక్కకు జరుగుతుంది. ఆ జరిగిన దూరం క్యాసెట్‌లో, అంటే వెనక చక్రానికి ఉండే పళ్ళచక్రాల గుత్తిలో, ఒక పళ్ళచక్రం నుంచి పక్క పళ్ళచక్రానికి ఉన్న దూరంతో సరిపోతేనే గేరు శుభ్రంగా పడుతుంది. ఇండెక్స్ షిఫ్టింగ్ అంటే ఇంతే. డబ్బాల మీద పేర్లు ఎన్ని ఉన్నా చూసుకోవాల్సింది ఈ లెక్కే.

షిమానో కంపెనీలో 9 గేర్ల వరకు (అంటే వెనక 9 పళ్ళచక్రాల వరకు) వచ్చిన రోడ్డు, మౌంటెన్ డిరేలర్లు దాదాపు అన్నీ సుమారు 1.7 రెట్లు జరుగుతాయి. పాత డ్యూరా ఏస్ 7400 మాత్రం వేరు. 10 గేర్ల రోడ్డు డిరేలర్లదీ అదే నిష్పత్తి, టియాగ్రా 4700 ఒక్కటి మినహాయింపు. 10 గేర్ల మౌంటెన్ డిరేలర్లకి వచ్చేసరికి షిమానో దాన్ని 1.2కి మార్చేసింది. 11 గేర్ల రోడ్డు డిరేలర్లలో అది 1.4. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు, ఎందుకంటే 10 అంకె రెండింటి మీదా ఉంటుంది, లోపల లెక్క మాత్రం వేరు.

తప్పు జోడీ పెడితే ఏమవుతుందో చూద్దాం. 10 గేర్ల రోడ్డు షిఫ్టర్ ఒక్క క్లిక్‌కి సుమారు 2.3 మి.మీ. కేబుల్ లాగుతుంది. 10 గేర్ల మౌంటెన్ డిరేలర్ దాన్ని 1.2 రెట్లు చేస్తే వచ్చేది 2.8 మి.మీ. లోపే. క్యాసెట్‌లో మాత్రం పళ్ళచక్రాల మధ్య 3.95 మి.మీ. ఉంది. మొదటి క్లిక్‌కే మిల్లీమీటరు పైగా వెనకబడుతుంది, మూడు క్లిక్కులు కొట్టేసరికి దాదాపు ఒక గేరంతా తేడా వచ్చేస్తుంది. కేబుల్ బిగువు సర్దే బ్యారెల్ ఎడ్జస్టర్ ఎంత తిప్పినా ఇది సరికాదు. గేర్ ట్యూనింగ్ కుదరడం లేదని వారాల తరబడి తల పట్టుకునే వాళ్ళలో కొందరి అసలు సమస్య ఇదే.

ఇదే లెక్క మనకి కలిసొచ్చే చోటు కూడా ఒకటి ఉంది. మీ మౌంటెన్ బైక్ మీద 9 గేర్ల షిమానో డిరేలర్ ఉంటే దాన్ని పారెయ్యకండి. అది 1.7 రకం కాబట్టి 8 లేదా 9 గేర్ల రోడ్డు షిఫ్టర్‌తో నేరుగా పనిచేస్తుంది. 10 గేర్ల రోడ్డు షిఫ్టర్, 10 గేర్ల క్యాసెట్, 10 గేర్ల చైన్ పెట్టినా పనిచేస్తుంది. డిరేలర్‌కి ఎన్ని గేర్లున్నాయో తెలియదు, ఎంత లాగితే అంత జరుగుతుంది, అంతే. డ్రాప్ హ్యాండిల్ కావాలి, కొండ ఎక్కే చిన్న గేర్లూ కావాలి అనుకునే వాళ్ళు ఏళ్ళుగా చేస్తున్న పని ఇది. స్రామ్ కంపెనీ వాళ్ళ 10 గేర్ల సామానులో రోడ్డు, మౌంటెన్ రెండూ ఒకే లెక్క మీద నడుస్తాయి కాబట్టి అక్కడ కూడా ఈ కలయిక హాయిగా కుదురుతుంది.

7 గేర్ల సైకిల్ ఉన్నవాళ్ళకి సూటిగా దొరికే ఎస్‌టీఐలు తక్కువ. షిమానో టూర్నీ ఎ070 అని ఒకటి వచ్చింది. అందులో లివర్ లోపలి పక్కన బొటనవేలితో నొక్కే చిన్న మీట ఉంటుంది, హ్యాండిల్ కింది వంపు పట్టుకున్నప్పుడు వేలు దానికి అందదు. 8 గేర్ల షిఫ్టర్‌ని 7 గేర్ల క్యాసెట్‌కి వాడే వాళ్ళూ ఉన్నారు. పళ్ళచక్రాల మధ్య దూరం 8 గేర్లలో 4.8, 7 గేర్లలో 5.0 మి.మీ. కాబట్టి ఓపిగ్గా సర్దుకుంటే ఒక క్లిక్కు మిగిలిపోయి మిగతావి పనికొస్తాయి.

ముందు డిరేలర్ కథ వేరు. ఎస్‌టీఐ ఎడమ షిఫ్టర్ రోడ్డు రకం ముందు డిరేలర్ కోసం చేసింది, మౌంటెన్ రకానికి కావలసిన లాగుడు వేరు. వెనక అంతా కుదిరిందని సంబరపడే లోపు ముందర పెడళ్ళ దగ్గరున్న మూడు పళ్ళచక్రాల్లో (చైన్‌రింగుల్లో) ఒకటి దొరకకుండా పోతుంది. సోరా ఆర్3000, క్లారిస్ ఆర్2000 తరాల్లో మూడు చైన్‌రింగులకి ఎస్‌టీఐలు ఉన్నాయి, కానీ వాటికి వాటి జత ముందు డిరేలర్ కావాలి. మౌంటెన్ బైక్ చిన్న చైన్‌రింగుల మీద ఆ రోడ్డు డిరేలర్‌లో చైన్‌ని నెట్టే పంజరం వంపు సరిగ్గా కూర్చోదు. ముందు ఒకే చైన్‌రింగ్‌తో నడిపే ఆలోచన ఉంటే ఈ తలనొప్పి మొత్తం పోతుంది, ఎడమవైపు వట్టి బ్రేక్ లివర్ చాలు.

బ్రేకులు: ఇక్కడ రాజీ పడకండి

గేరు సరిగ్గా పడకపోతే విసుగొస్తుంది. బ్రేకు సరిగ్గా పడకపోతే మనిషి పడతాడు. అందుకని ఈ భాగం మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి.

రిమ్‌ని రెండు వైపుల నుంచి నొక్కే వి బ్రేకుల చేతులు పొడుగ్గా, సుమారు 100 మి.మీ. పైన ఉంటాయి. ప్యాడ్ రిమ్‌ని తాకాలంటే కేబుల్ చాలా దూరం లాగాలి. మామూలు డ్రాప్ హ్యాండిల్ లివర్లు, ఎస్‌టీఐలతో సహా, రోడ్డు సైకిళ్ళ క్యాలిపర్ బ్రేకుల కోసం, పొట్టి చేతుల క్యాంటిలివర్ బ్రేకుల కోసం చేసినవి. అవి లాగేది సుమారు అందులో సగం. ఈ లివర్‌ని వి బ్రేక్‌కి కలిపితే లివర్ హ్యాండిల్‌కి తగిలిపోతుంది, ప్యాడ్ మాత్రం గట్టిగా పట్టదు. ప్యాడ్‌లని రిమ్‌కి వెంట్రుకవాసి దూరంలో పెట్టి, పట్టుకుంటోంది కదా అనుకునే వాళ్ళున్నారు. చక్రం కొంచెం వంకర తిరిగిన రోజున, వానలో ప్యాడ్ అరిగిన రోజున ఆ వెంట్రుకవాసి లెక్క తప్పుతుంది.

దీనికి మంచి దారులు మూడు. మొదటిది, వి బ్రేకుల కోసమే చేసిన డ్రాప్ లివర్ పెట్టుకోవడం. టెక్ట్రో ఆర్ఎల్520, కేన్ క్రీక్ డ్రాప్ వి ఈ రకం. వీటిలో గేర్ షిఫ్టర్ ఉండదు, అంటే షిఫ్టర్లు విడిగా పెట్టుకోవాల్సిందే. రెండోది, బ్రేకులే మార్చడం: 80-90 మి.మీ. చేతులున్న మినీ వి బ్రేకులు, లేదా క్యాంటిలివర్లు. అప్పుడు ఎస్‌టీఐ పెట్టుకోవచ్చు. అయితే మినీ వి లో టైరుకీ కేబుల్‌కీ మధ్య జాగా తక్కువ, లావు టైరు గానీ మడ్‌గార్డ్ గానీ ఉంటే కష్టం. మూడోది, ట్రావెల్ ఏజెంట్ లాంటి చిన్న కప్పీని కేబుల్ మధ్యలో పెట్టి లాగుడుని పెంచడం. పనిచేస్తుంది, కానీ కేబుల్ అక్కడ గట్టిగా వంగి త్వరగా పోగులు తెగుతుంది, తరచూ చూసుకోవాలి. నేనైతే మొదటి దారే ఎంచుకుంటాను. ఉన్న బ్రేకులు అలాగే ఉంటాయి, లివర్ చేతికి నిండుగా ఉంటుంది.

కేబుల్ డిస్క్ బ్రేకుల్లోనూ రెండు రకాలున్నాయని గుర్తుంచుకోండి. ఎవిడ్ బీబీ7లో రోడ్డుది వేరు, మౌంటెన్‌ది వేరు, చూడ్డానికి మాత్రం అన్నదమ్ముల్లా ఉంటాయి. మౌంటెన్ రకానికి ఎక్కువ లాగే లివరే కావాలి. హైడ్రాలిక్ డిస్క్ ఉంటే లివర్ కూడా హైడ్రాలిక్ ఎస్‌టీఐ కావాలి, లేదంటే కేబుల్ డిస్క్‌కి మారాలి. టీఆర్‌పీ హై ఆర్‌డీ లాంటివి కేబుల్‌తో లాగితే లోపల ఆయిల్‌తో పనిచేస్తాయి, మధ్యేమార్గం అదొకటి.

ఇప్పుడు షిఫ్టర్ల సంగతి

ఎస్‌టీఐ పద్ధతిని షిమానో 1990లో డ్యూరా ఏస్‌లో తెచ్చింది. కాంపగ్నోలో ఎర్గోపవర్ 1992లో, స్రామ్ డబుల్ ట్యాప్ 2006లో వచ్చాయి. మూడింటి గొప్పతనం ఒకటే: హుడ్స్ (బ్రేక్ లివర్ పైన చెయ్యి ఆనించే రబ్బరు తొడుగు) మీద నుంచి చెయ్యి తియ్యకుండానే బ్రేకూ వెయ్యొచ్చు, గేరూ మార్చొచ్చు. ట్రాఫిక్‌లో ప్రతి సిగ్నల్‌కీ ఆగి బయల్దేరేవాళ్ళకి, ఎత్తుపల్లాల దారిలో నిమిషానికోసారి గేరు మార్చేవాళ్ళకి, రాళ్ళ దారిలో ఒక్క చెయ్యి తీసినా హ్యాండిల్ ఊగే చోట నడిపేవాళ్ళకి దీనికి సాటి లేదు. ఆ అవసరం నిజంగా ఉంటే డిరేలర్, బ్రేకులు కూడా దానికి తగ్గట్టు మార్చుకోండి, డబ్బు వృథా కాదు.

ఎస్‌టీఐలు పాతవి కొంటే ఒక్క విషయం చూడండి. లోపల గ్రీజు ఏళ్ళ తరబడి గట్టిపడి, క్లిక్కుని పట్టుకునే చిన్న పంజాలు అతుక్కుపోతాయి. లివర్ నొక్కితే ఏమీ పట్టుకోకుండా ఖాళీగా ఊగుతుంది. అమ్మేవాళ్ళు పాడైపోయిందని తక్కువకి ఇచ్చేస్తారు. చాలాసార్లు లోపలికి స్ప్రే కొట్టి, వంద సార్లు నొక్కి, పాత గ్రీజు కరిగాక పల్చని నూనె వేస్తే మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. అయినా లోపలి భాగం విరిగిందా, వట్టి గ్రీజేనా అన్నది బయటి నుంచి తెలియదు. గీతలు బాగా పడి, పక్కకి ఒరిగిన లివర్ అయితే వదిలెయ్యండి.

బార్ ఎండ్ షిఫ్టర్లు హ్యాండిల్ గొట్టం చివర లోపలికి దూరి, స్క్రూ బిగిస్తే వ్యాకోచించి పట్టుకుంటాయి. అందుకని హ్యాండిల్ వ్యాసం 23.8 అయినా ఇబ్బంది లేదు. సర్లీ వాళ్ళ లాంగ్ హాల్ ట్రక్కర్ లాంటి దూరప్రయాణాల సైకిళ్ళు ఏళ్ళ తరబడి వీటితోనే వచ్చాయి. కారణం స్పష్టంగానే ఉంది: లోపల విరగడానికి పెద్దగా ఏమీ లేదు. ఎడమ షిఫ్టర్‌లో క్లిక్కులే ఉండవు, ఎక్కడ ఆపితే అక్కడ ఒరిపిడితో నిలిచే ఫ్రిక్షన్ మీద నడుస్తుంది, కాబట్టి ఏ ముందు డిరేలర్‌కైనా, రెండు చైన్‌రింగులకైనా మూడింటికైనా పనికొస్తుంది. షిమానో 8, 9 గేర్ల వాటిలోనూ, మైక్రోషిఫ్ట్ చాలావాటిలోనూ కుడి షిఫ్టర్‌ని కూడా ఫ్రిక్షన్‌కి మార్చుకోవచ్చు. లివర్ మధ్య ఉన్న చిన్న రింగు తిప్పితే చాలు.

ఫ్రిక్షన్ అంటే భయపడేవాళ్ళకి రెండు మాటలు. లివర్‌ని మెల్లగా నెడతారు, కింద చైన్ గరగరమని పక్క పళ్ళచక్రం మీదికి ఎక్కుతుంది. కొంచెం ఎక్కువ నెట్టారా, గరగర పోదు. వేలితో రవ్వంత వెనక్కి లాగితే శబ్దం ఆగిపోతుంది, గేరు కూర్చుంది. మొదట్లో చెవి పెట్టి వినాలి, కొన్నాళ్ళకి చెయ్యే చేసేస్తుంది. దారిలో డిరేలర్‌ని ఫ్రేమ్‌కి బిగించే హ్యాంగర్ కాస్త వంగినా, వేరే కంపెనీ క్యాసెట్ వేసినా, పైన చెప్పుకున్న లెక్కలేవీ కుదరకపోయినా ఇది నడుస్తుంది. 8, 9 గేర్ల దాకా సులువు. 10, 11 గేర్లలో పళ్ళచక్రాలు మరీ దగ్గరగా ఉంటాయి కాబట్టి చెయ్యి తిరగడానికి ఇంకా సమయం పడుతుంది, అక్కడ ఇండెక్సే మేలు. ఏ గేరులో ఉన్నామో లివర్ వాలిన తీరు చూసి తెలుసుకోవడం కూడా నాకు నచ్చే విషయం.

లోపాలూ ఉన్నాయి. హుడ్స్ మీద నుంచి చెయ్యి తీసి కిందికి పోవాలి. నిలబడి తొక్కుతూ గట్టిగా మలుపు తిప్పితే మోకాలు లివర్‌కి తగిలి గేరు మారిపోవచ్చు. సైకిల్ గోడకి ఆనించినప్పుడు కూడా లివర్ కదులుతుంది, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోవడం అలవాటవ్వాలి. కార్బన్ హ్యాండిల్ అయితే లోపలి నుంచి వ్యాకోచించే ఈ బిగింపుకి తయారీదారు ఒప్పుకుంటున్నారో లేదో ముందే చూడండి.

ఫ్రేమ్ కింది వాలు గొట్టం మీద బిగించే డౌన్‌ట్యూబ్ షిఫ్టర్లకి కేబుల్ అతి తక్కువ, దాని పైతొడుగు (ఔటర్) దాదాపు లేనట్టే, అందుకే గేరు పడే తీరు చాలా స్పష్టంగా ఉంటుంది. కానీ ఫ్రేమ్ మీద వాటికి బిగించే బొడిపెలు ఉండాలి. మౌంటెన్ బైక్ ఫ్రేములకి ఉండవు, లావు అల్యూమినియం గొట్టానికి పట్టీలూ దొరకవు. పాత స్టీల్ ఫ్రేమ్ ఉంటేనే వీటి గురించి ఆలోచించండి. హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే స్టెమ్ మీద బిగించే షిఫ్టర్లు చవకే గానీ, గేరు మార్చిన ప్రతిసారీ ఒక చెయ్యి బ్రేకుకి దూరమవుతుంది. నేను వాటిని ఎవరికీ చెప్పను.

మరో దారి ఉంది, ఎక్కువమందికి తెలియదు. పాల్ కాంపోనెంట్ వాళ్ళ థంబీస్ లాంటి బిగింపులతో బార్ ఎండ్ లివర్‌ని తీసి హ్యాండిల్ పైభాగంలో, స్టెమ్ పక్కన పెట్టుకోవచ్చు. చేతులు ఎక్కువసేపు పైనే పెట్టుకుని నడిపేవాళ్ళకి ఇది బార్ ఎండ్ కన్నా హాయి. గెవెనాల్ అనే కంపెనీ, ముందు పేరు రెట్రోషిఫ్ట్, అదే లివర్‌ని బ్రేక్ లివర్ ముందు భాగానికి తగిలించి చేసింది. వి బ్రేకులకి సరిపడే రకం కూడా తెచ్చారు. బురదలో సైక్లోక్రాస్ నడిపేవాళ్ళ కోసం మొదలైన ఆలోచన అది. ఎస్‌టీఐ సుఖంలో ముప్పాతిక వంతు, బార్ ఎండ్ గట్టిదనం మొత్తం ఇందులో ఉన్నాయి. దొరికితే వదలకండి.

డ్రాప్ హ్యాండిల్‌కి మౌంటెన్ గేర్లు కావాలనేవాళ్ళకి మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ ఎక్స్ కూడా బాగుంటుంది. 10 గేర్లు, ముందు ఒకే చైన్‌రింగ్. డ్రాప్ షిఫ్టరూ, డిరేలరూ ఒకే కుటుంబంలో దొరుకుతాయి కాబట్టి పై లెక్కల గొడవ ఉండదు. డబ్బుకి వెనకాడని వాళ్ళకి స్రామ్ ఏఎక్స్ఎస్ వైర్‌లెస్ ఉంది. రోడ్డు లివర్లు ఈగల్ మౌంటెన్ డిరేలర్‌తో నేరుగా మాట్లాడుకుంటాయి, కేబుల్ లాగుడన్న ప్రశ్నే లేదు. ఉన్న షిఫ్టర్, ఉన్న డిరేలర్ రెండూ మంచివై జత మాత్రం కుదరనప్పుడు వుల్ఫ్ టూత్ టాన్‌పాన్ లాంటి చిన్న కప్పీ మధ్యలో పెట్టి లెక్క సరిచెయ్యొచ్చు. అయితే ఏ జతకి ఏ టాన్‌పాన్ అన్నది చూసి కొనాలి.

మీ సైకిల్ ఏది?

మూడు చైన్‌రింగులు, 7 లేదా 8 గేర్లు, వి బ్రేకులు ఉన్న పాత 26 అంగుళాల మౌంటెన్ బైక్ అయితే ఆలోచించక్కర్లేదు: ఆర్ఎల్520 లివర్లు, బార్ ఎండ్ షిఫ్టర్లు. డిరేలర్లు, బ్రేకులు, చక్రాలు ఏవీ ముట్టుకోనక్కర్లేదు. అదే సైకిల్‌కి క్యాంటిలివర్ బ్రేకులుండి, 8 లేదా 9 గేర్ల షిమానో అయితే ఎస్‌టీఐకి దారి తెరిచే ఉంది. ముందు చైన్‌రింగుని ఒకటికి తగ్గించి కుడి ఎస్‌టీఐ ఒక్కటి పెట్టుకోవడం చవకైన, మంచి మార్పు. 10 లేదా 11 గేర్లు, హైడ్రాలిక్ డిస్కులు ఉన్న కొత్త మౌంటెన్ బైక్ అయితే షిఫ్టర్, డిరేలర్, బ్రేక్ మూడూ మార్చాల్సి వస్తుంది. ఆ ఖర్చుకి ముందు ఒకసారి కాగితం మీద మొత్తం రాసుకుని, అదే డబ్బుకి డ్రాప్ హ్యాండిల్‌తోనే వచ్చే పాత గ్రావెల్ (కంకర దారుల) సైకిల్ వస్తుందేమో చూడండి.

ఫ్రేమ్ కొలత కూడా మర్చిపోకండి. డ్రాప్ హ్యాండిల్ ముందుకు 70-80 మి.మీ. వస్తుంది, దాని మీద హుడ్స్ ఇంకా ముందుకు ఉంటాయి. ఫ్లాట్ హ్యాండిల్ కోసం గీసిన పొడుగు ఫ్రేమ్ మీద ఇది చాలా దూరమవుతుంది, స్టెమ్ చిన్నది వెయ్యాల్సి వస్తుంది. 1990లో జాన్ టోమాక్ మౌంటెన్ బైక్ రేసుల్లో డ్రాప్ హ్యాండిల్‌తో పరుగెత్తాడు, కానీ ఆయన రోడ్డు రేసర్ కూడా, ఆ వంగుడు ఆయన నడుముకి అలవాటే. హుడ్స్ అందక ఎప్పుడూ పైనే పట్టుకుని నడిపేటట్టయితే ఎంత మంచి ఎస్‌టీఐ పెట్టినా వృథా. హుడ్స్ సుఖంగా అందుతాయో లేదో తేలాకే షిఫ్టర్ ఆర్డర్ పెట్టండి.

బిగించేటప్పుడు కేబుళ్ళు చూసుకోండి. డ్రాప్ లివర్లకి బ్రేక్ కేబుల్ తల చిన్న పియర్ పండు ఆకారంలో ఉంటుంది, ఫ్లాట్ లివర్లకి గుండ్రటి డ్రమ్ములా ఉంటుంది. పాత కేబుల్ కొత్త లివర్‌లో కూర్చోదు. గేర్ ఔటర్‌ని బ్రేక్‌కి ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. దానిలో తీగలు పొడుగ్గా వరసగా ఉంటాయి, గట్టిగా బ్రేక్ వేస్తే పక్కకి చీలిపోతుంది. బార్ ఎండ్ ఔటర్‌ని హ్యాండిల్ వంపు వెంబడి కరెంటు టేపుతో అక్కడక్కడా అంటించి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి, ఎక్కడా బిగుసుకోవడం లేదని తెలిశాకే పొడవు కత్తిరించండి. బార్ టేప్ చుట్టడానికి తొందరపడకండి. ఒక వారం టేప్ లేకుండానే నడిపి, లివర్లని అరంగుళం పైకో కిందికో జరిపి, మణికట్టు నిటారుగా ఉన్న చోట గుర్తు పెట్టుకుని అప్పుడు చుట్టండి.